దిగబడిన ట్రాక్టరుకు బ్యాటరీ వించ్ మేలా, హైడ్రాలిక్ వించ్ మేలా?

(పిఠాపురము రైతుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



దమ్ము చేయు ట్రాక్టరుగాని, ధాన్యపు బస్తాలతో చేలో దిగిన ట్రక్కుగాని బురదలో కూరుకొనిపోవుట మన ఏలేరు ఆయకట్టులో వింత కాదు. 2024 సెప్టెంబరులో ఏలేరు వరద పిఠాపురము, గొల్లప్రోలు చేలను ముంచిన తరువాత నన్ను పలువురు ఒకే ప్రశ్న అడిగిరి: "మాస్టారూ, ట్రాక్టరుకు వించ్ బిగించుకుందామనుకుంటున్నామండి. బ్యాటరీది కొనమంటారా, హైడ్రాలిక్‌ది కొనమంటారా?"

ఒకప్పుడు బండి దిగబడినచో మరి రెండు జతల ఎడ్లను పూన్చి లాగెడివారు. ఇప్పుడు కొందరు డ్రైవర్లు వెనుక చక్రములకు అడ్డముగా తాటి దుంగను గొలుసుతో కట్టి గేరు వేయుచున్నారు. దయచేసి ఈ పని చేయనీయకుడు. చక్రము తిరుగలేనప్పుడు ఇంజను బలము ట్రాక్టరు ముందు భాగమును పైకెత్తును. అది వెనుకకు తిరగబడి డ్రైవరు మీద పడుటకు రెండు సెకన్లు కూడ పట్టదు. వించ్ మాట వచ్చినదే ఇందుకు.

మొదట నా పొరపాటు చెప్పవలెను. మా మేనమామగారు నన్ను సలహా అడుగగా, బ్యాటరీ వించ్ కొనుడని చెప్పితిని. ధర తక్కువ, బిగించుట సులభము, ఇంజను ఆగినను పనిచేయును అని నా వాదన. ఆ డిసెంబరులో కోసిన ధాన్యముతో ట్రక్కు దిగబడినది. డ్రైవరు డీజిలు ఆదాకని ఇంజను ఆపి వించ్ నడిపినాడు. మూడవసారి మీట నొక్కగానే వించ్ మూలిగి ఆగినది. బ్యాటరీ పడిపోయినందున ట్రాక్టరు కూడ స్టార్టు కాలేదు. ఆ రాత్రి వాన. అడుగు బస్తాలలో ధాన్యము తడిసిపోయినది.

లెక్క వేయకుండ సలహా ఇచ్చుటయే నా తప్పు. ఆ లెక్క ఇప్పుడు వేయుదము. నాలుగు టన్నులు లాగు 12 వోల్టుల వించ్ నిండు బరువు మీద సుమారు 400 ఆంపియర్ల కరెంటు తీసుకొనును. మూడు నిమిషములు లాగినచో 20 ఆంపియర్-గంటలు ఖర్చు. ట్రాక్టరు బ్యాటరీ మొత్తము 75 నుండి 90 మాత్రమే. 36 ఆంపియర్ల ఆల్టర్నేటరు ఆ మూడు నిమిషముల ఖర్చును తిరిగి నింపుటకు అర గంటకు పైగా పట్టును. ఆ మూడు నిమిషములలో తాడు కదలునది నాలుగైదు గజములు! మోటారు కూడ వేడెక్కును గనుక మధ్య మధ్య విశ్రాంతి ఈయవలెను.

హైడ్రాలిక్ వించ్‌కు ట్రాక్టరు పంపు నూనెయే బలము. నిమిషమునకు 20 లీటర్ల నూనెను 150 బార్ల ఒత్తిడితో పంపు తోసినచో వచ్చు శక్తి 5 కిలోవాట్లు. బ్యాటరీ వించ్ తీసుకొను శక్తియు ఇంచుమించు అంతే. కాబట్టి ఈ రెంటికి తేడా బలములో కాదు, ఓర్పులో ఉన్నది. నూనె మరీ వేడెక్కనంతవరకు హైడ్రాలిక్ వించ్ ట్రక్కు వెనుక ట్రక్కును లాగుచునే యుండును. కాని ఇంజను ఆగినచో అదియు ఆగును. నీరు ఇంజనులోనికి పోయిన బండిని అది తనంత తాను బయటకు తెచ్చుకొనలేదు.

కొనుటకు ముందు మీ ట్రాక్టరు వెనుక గొట్టము తగిలించు చోటులు ఎన్ని యున్నవో చూచుకొనుడు. ట్రక్కు తొట్టెను ఎత్తు జాకీకి ఒక గొట్టము చాలును. అది తన బరువుతోనే దిగును. వించ్ మోటారుకు అట్లు కాదు: నూనె పోవుటకు ఒకటి, తిరిగి వచ్చుటకు ఒకటి కావలెను. పెక్కు మోటార్లకు లోన ఊరిన నూనెను ట్యాంకుకు చేర్చు సన్నని మూడవ గొట్టము కూడ ఉండును. రెండు వైపుల త్రిప్పు వాల్వు లేని ట్రాక్టరుకు దానిని అదనముగా పెట్టించవలెను; ఖర్చు పెరుగునది అక్కడనే. పెక్కు ట్రాక్టర్లలో ఈ నూనె, గేరుపెట్టె నూనె ఒక్కటే. గొట్టము చివర అంటిన బురద నేరుగా గేర్లలోనికి పోవును. గొట్టము తగిలించు ముందు గుడ్డతో తుడుచుట మరువకుడు.

వించ్ ఏదైనను బండి బరువుకు ఒకటిన్నర రెట్లు తక్కువ కాకుండ లాగునది చూడుడు. డ్రమ్ము మీద తాడు పొరలు పెరిగినకొద్దీ లాగుడు తగ్గును. ఒక కప్పీ కొని తాడును దాని మీదుగా త్రిప్పి తెచ్చినచో బలము ఇంచుమించు రెట్టింపగును, వేగము సగమగును. బ్యాటరీ వించ్ గలవారికి ఇది తప్పనిసరి.

తాడును దేనికి కట్టవలెను? గట్టు మీది కొబ్బరిచెట్టు కనబడగానే ఉక్కుతాడు చుట్టుచున్నారు. నేను పంటల మాస్టరును గనుక ఇది చూచి ఊరుకొనలేను. వేపకు, మామిడికి గాయము కొంతకు కొంత పూడుకొనును. కొబ్బరి మానుకు పడిన గాయము పూడదు. ఆ దారిని తెగులు ప్రవేశించి మాను నుండి ఎర్రని జిగురు కారును. వెడల్పైన పట్టా వేసి, మానుకు వీలైనంత మొదట కట్టుడు. చెట్టు లేని చోట మూడు నాలుగు అడుగుల గోతిలో దుంగను అడ్డముగా పాతి, దానికి గొలుసు కట్టి లాగుడు.

తాడు బిగిసియున్నప్పుడు దానిపై తడి గోనెసంచులు వేసి, మనుషులను తాడు పొడవుకంటె దూరముగా నిలుపుడు. తెగిన ఉక్కుతాడు కాలును కోయును.

నా అభిప్రాయమిది. కోతల కాలములో పలువురి ట్రక్కులు లాగవలసిన ట్రాక్టరుకు హైడ్రాలిక్ వించ్ తగును. నలుగురైదుగురు కలిసి ఒకటి కొనుట మేలు. ఏడాదికి ఒకటి రెండుసార్లు దిగబడు జీపుకు బ్యాటరీ వించ్ చాలును. ఇప్పటి జీపులు పెక్కింటికి స్టీరింగు కూడ కరెంటుతో నడచుచున్నది గనుక వించ్‌కు నూనె ఇచ్చు పంపే వాటిలో ఉండదు. అయితే లాగునంతసేపు ఇంజను నడుచుచుండవలెను.

మా మామగారు ఇప్పుడు ట్రాక్టరుకు హైడ్రాలిక్‌ది పెట్టించిరి. పాత వించ్‌ను ఊడదీసి, అడ్డతీగల వైపు జీడితోటకు పోవు జీపుకు బిగించిరి.