అగ్గి తెగులుకు నిలబడ్డ పాత గింజలు



ఎవరి జ్ఞాపకంగా ఇవాళ కోదాడలో కూడామో, ఆ పెద్దాయన యాసంగిలో తెల్లవారకముందే గట్టు మీద ఉండేవారు. వరి ఆకు ఒకటి తుంచి, మంచు తుడిచి, వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూసేవారు. కొనలు సన్నగా, నడుమ వెడల్పుగా నూలు కండె లాంటి మచ్చ. లోపల బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు అంచు. అగ్గి తెగులు తెచ్చే ఆ మచ్చ కనబడ్డ రోజు ఆయనకు అన్నం సహించేది కాదు.

చైనాలో 1637 నాటి పుస్తకంలోనే ఈ తెగులు ప్రస్తావన ఉంది. మన దక్షిణాదిలో 1918లో తంజావూరు డెల్టాలో నమోదైంది. దీనికి మూలం ఒక బూజు. దాని బీజం ఆకు మీద వాలి, మంచు తడికి మొలిచి, నల్లటి బుడిపె కడుతుంది. ఆ బుడిపెలో ఒత్తిడి కారు టైరులో గాలికి నలభై రెట్లు! ఆ బలంతోనే ఆకు పొరను పొడుచుకుని లోపలికి దూరుతుంది. కంకి మెడకు సోకితే మెడవిరుపు. గింజ పాలు పోసుకోక తాలైపోతుంది.

దీనికి విరుగుడు కోయంబత్తూరు పరిశోధకులకు రైతుల వడ్లలోనే దొరికింది. ఆనైకొంబన్ అనే నాటు రకం నుంచి ఏరిన కో-4 ఈ తెగులును తట్టుకుంది. దాన్ని తెగులుకు లొంగే ఏడీటీ-10తో కలిపి కో-25 తీశారు.

గోధుమదీ ఇదే కథ. అమెరికాలో ఎడ్గర్ మెక్‌ఫాడెన్ 1916లో యారొస్లావ్ అనే పాతకాలపు పొట్టు గోధుమను మార్క్విస్‌తో కలిపాడు. ఆ సంకరం నుంచే కాండం తుప్పు తెగులును తట్టుకునే 'హోప్' వచ్చింది. తుప్పు తెగులు రకాల మధ్య తేడాలు పట్టడానికి శాస్త్రజ్ఞులు స్టేక్‌మన్, లెవిన్ 1922లో ఎంచుకున్న 12 గోధుమల్లో మన దేశపు ఖప్లీ ఒకటి. మన రైతులు తరతరాలుగా విత్తుకున్న గింజ అక్కడ కొలబద్ద అయిందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

మన సంగతికి వస్తాను. 1967 ఆగస్టు 4న నాగార్జున సాగర్ నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద మన పొలాలన్నీ వరి మళ్ళయ్యాయి. 1986లో బాపట్ల నుంచి సాంబమసూరి వచ్చింది. దాని తాతల్లో ఒకటైన జీఈబీ-24, కోనామణి అనే పాత వడ్ల సంతతి. అన్నం రుచికి, సన్న గింజకు సాంబమసూరికి సాటి లేదు. కానీ చలి రాత్రులు, మంచు, మోతాదు మించిన యూరియా కలిస్తే అగ్గి తెగులుకు ఇట్టే లొంగిపోతుంది.

దాన్ని నిలబెట్టే గుణం కోసం పరిశోధకులు మళ్ళీ పాత గింజల దగ్గరికే పోయారు. వియత్నాం వరి టెటెప్‌లో ఉన్న పీఐ-54 జన్యువును ఢిల్లీ శాస్త్రజ్ఞులు గుర్తించారు. తర్వాత హైదరాబాదులో దాన్నీ, పీఐ-2 అనే మరో జన్యువునూ సాంబమసూరిలోకి తెచ్చారు. రెండెందుకంటారా? ఈ బూజు రూపు మార్చుకుంటూ ఉంటుంది. ఒక్క జన్యువునే నమ్ముకుంటే కొన్నాళ్ళకు దాన్ని దాటేస్తుంది. నాటు రకమైనంత మాత్రాన తెగులు రాదని కూడా నేను అనను. పాత వడ్లలోనూ లొంగేవి ఉన్నాయి. ఏది నిలుస్తుందో మళ్ళో వేసి చూస్తేనే తెలిసేది. వేసి చూడాలంటే ముందు ఆ గింజ మిగిలి ఉండాలి కదా!

పెద్దాయన ఇంటి అటక మీద గురుగులో మూడు గుప్పెళ్ళ వడ్లు దొరికాయి. తడిగుడ్డలో మూట కట్టి చూశాం. నాలుగో రోజుకు కొన్ని మొలిచాయి. మీ ఇళ్ళలోనూ వెతకండి. మొలిచేవి ఏమైనా దొరికితే ఊరి పేరు, మీ తాతలు పిలిచిన రకం పేరు కాగితం మీద రాసి గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకెళ్ళండి. ఈ వానాకాలం నార్లు పోసేలోపే వెళ్ళండి.