స్వర్ణముఖి ఒడ్డున గోపురం
(అత్తిలిలో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరిని తలుచుకుని ఇవాళ ఇక్కడ చేరామో, ఆ మాస్టారు మన పిల్లలకు చరిత్ర చెప్పిన మనిషి. అందుకని ఒక కట్టడం చరిత్రనే ఈ సభకు ఎంచుకున్నాను. అది మన జిల్లాలోది కాదు. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఒడ్డున దాదాపు అయిదు వందల ఏళ్లు నిలబడి, 2010 మే 26 రాత్రి కూలిపోయిన రాజగోపురం. గాలిగోపురం అని కూడా పిలిచేవారు.

కట్టించినవారు శ్రీకృష్ణదేవరాయలు, 1516లో. ఆ ఏటి వెనక పెద్ద యుద్ధం ఉంది. గజపతుల చేతిలోని ఉదయగిరి 1514లో చిక్కింది, కొండవీడు 1515లో. తరువాత రాయల సేన కృష్ణ దాటి కొండపల్లి పట్టుకుని, రాజమహేంద్రవరం మీదుగా సింహాచలం దాకా పోయింది. ఆ పోరులో కొంత మన గోదావరి సీమలోనే సాగిందన్నమాట. కాళహస్తి గోపురం, నూరుకాళ్ల మండపం ఆ విజయాల నడుమ లేచినవి. పదమూడేళ్లకు, 1529లో, రాయల తమ్ముడు అచ్యుతదేవరాయలు ఆ గుడిలోనే పట్టాభిషేకం చేసుకున్నారు.

ఇవన్నీ శాసనాలు పట్టి మనకు తెలుస్తాయి. కట్టించినవారి పేరు, శక సంవత్సరం, ఇచ్చిన దానం రాతి మీద ఉంటాయి. ఏ వానకు ఏ అంతస్తు ఉరిసింది, ఏ మేస్త్రీ ఏ బీట పూడ్చాడు అన్నవి ఎవరూ రాతికెక్కించరు. గోపురాన్ని అయిదు వందల ఏళ్లు నిలబెట్టినది మాత్రం ఆ రెండో రకం పనే. దాన్ని చరిత్రగా మనం లెక్కపెట్టడం లేదన్నదే నా బాధ.

గోపురం ఎలా నిలబడుతుందో కాస్త చెప్పుకుందాం. కింది భాగం రాయి. దాని మీది అంతస్తులన్నీ ఇటుక, సున్నం. బరువు తగ్గడానికి లోపల డొల్లగా వదిలి, పైకి పోయేకొద్దీ కుదిస్తూ కడతారు. బయటి బొమ్మలు గచ్చువి. జనం, ఉత్సవమూర్తులు వెళ్లాలి కనుక నట్టనడుమ దారి ఉంటుంది. దాంతో పై బరువంతా దారికి అటూ ఇటూ ఉన్న రెండు దిమ్మెల మీద పడుతుంది. రెండూ సమానంగా దిగినంతకాలం భయం లేదు. ఒకటి కాస్త ఎక్కువ దిగిందా, నడిమిన నిలువు బీట పడుతుంది. ఏటి ఒడ్డు నేల అంతటా ఒకే తీరుగా ఉండదు: ఇక్కడ ఇసుక ఉంటే పక్కనే బంకమట్టి. పైగా ఇటుకల సందుల్లో పక్షులు వేసిన గింజ నుంచి రావి మొలుస్తుంది. కనబడే కొమ్మ నరికి ఊరుకుంటే, వేరు లోపల సున్నాన్ని చీలుస్తూనే ఉంటుంది.

కాళహస్తి గోపురానికి పడినదీ నిలువు బీటే. గోపురానికి బీటలు ఉన్న సంగతి అంతకు ముందే తెలుసు. 2010 మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారంలోనే గోపురం బీట కళ్లెదుటే విచ్చుకుంది. చుట్టుపక్కల వాళ్లను ఖాళీ చేయించబట్టి ప్రాణాలు దక్కాయి. రాత్రి ఎనిమిది గంటల వేళ ఏడంతస్తులూ నేలకు వచ్చాయి. ఆ దృశ్యం టీవీలో చూసినవాళ్లు ఈ సభలో చాలామంది ఉంటారు. 2017లో కొత్త గోపురానికి కుంభాభిషేకం జరిగింది. అది పదికాలాలు నిలవాలి. కానీ 1516 నాటి ఆ ఇటుక, ఆ సున్నం, ఆ చేతుల పని పోయాయి; వాటిని ఏ సొమ్మూ తిరిగి తేలేదు.

ఇటలీలోని వెనిస్‌లో సెయింట్ మార్క్ గంటగోపురం 1902 జూలై 14న ఇలాగే కూలింది. దాని చివరి రూపం 1514కల్లా పూర్తయింది, అంటే మన గోపురం కంటే రెండేళ్లు ముందు. గోడ బీటకు అడ్డంగా అక్కడ గాజు ముక్కలు అతికించారు. రెండు అంచులకూ అంటిన సన్నటి గాజు, గోడ వెంట్రుకవాసి కదిలినా విరిగిపోతుంది. అవి విరిగాయి, జనాన్ని దూరంగా పంపారు, ఎవరూ చనిపోలేదు. 1912లో పునాది పెంచి అదే చోట, అదే రూపంలో మళ్లీ నిలబెట్టారు. కాని ఆ గాజు అతికించింది ఆఖరి రోజుల్లో. మనుషుల్ని కాపాడటానికి ఆ వ్యవధి చాలింది, గోపురాన్ని కాపాడటానికి చాలలేదు.

ఇక మన సంగతి. పాలకొల్లు క్షీరారామ గోపురం తొమ్మిది అంతస్తులు, ఎత్తు 120 అడుగులని చెబుతారు. రెడ్డిరాజుల నాటిదని ప్రతీతి. అది నిలబడింది డెల్టా మట్టి మీద. మన నేల ఎండకు నెర్రెలు విచ్చుతుంది, తడికి ఉబ్బుతుంది. ఈ నలభై యాభై ఏళ్లలో చేపల చెరువులు, బోర్లు వచ్చి నేలలో నీటి తీరే మారింది. ఆ గోపురానికి ముప్పు వచ్చిందని నేను అనడం లేదు. రంగులు వేయించడానికి చందాలిచ్చే మనం, రంగు కింద ఏముందో రాసిపెట్టుకోవాలంటున్నాను. హుండీకి దస్త్రం ఉంది, నగలకు ఉంది. గోపురానికీ ఒకటి ఉండాలి. ఏటా వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి ప్రతి అంతస్తూ ఎక్కి చూడాలి. బీట కనబడితే పొడవు, వెడల్పు కొలిచి, ఫోటో తీసి, తేదీ వేసిన గాజు ముక్క అతికించాలి. మొలిచిన మొక్కను వేరుతో తీయించాలి. సున్నంతో కట్టిన గోడను సిమెంటుతో పూడ్చకూడదు. పాత ఇటుక పీల్చిన తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది.

మాస్టారి శిష్యుల్లో సివిల్ ఇంజనీర్లు ఉన్నారు, ఫోటోలు తీసే కుర్రాళ్లు ఉన్నారు. ఈ స్మారకనిధి వడ్డీలో కొంత ఆ పనికి కేటాయించమని కమిటీవారిని సభాముఖంగా కోరుతున్నాను. దేవాదాయ శాఖవారి అనుమతి తీసుకుంటే, వచ్చే జ్యేష్ఠంలో తొలకరి పడకముందే మొదటి కొలతలు రాయవచ్చు.