బోధించు యంత్రము

యంత్రము గురువు కాఁగలదా యను ప్రశ్నకు నేఁడొక నిదర్శనము చెప్పెదను. అమెరికాలోని జార్జియా టెక్ విద్యాలయమున ఆచార్య అశోక్ గోయల్ కృత్రిమ మేధాశాస్త్రమును అంతర్జాలముద్వారా బోధించుచుండెను. విద్యార్థులు సుమారు 300 మంది. ఒక్క సెమిస్టరున వారి సందేశములు దాదాపు 10,000. అందుచే 2016లో నాయన ‘జిల్ వాట్సన్’ అను యంత్రమును సహాయోపాధ్యాయులలో నొకటిగాఁ జేర్చెను. విద్యార్థులకా సంగతి ముందుగాఁ దెలుపలేదు.

పూర్వపు ప్రశ్నోత్తరములే దాని చదువు. క్రొత్త ప్రశ్నను వానితోఁ బోల్చి, తన యుత్తరముపై నూటికి 97 పాళ్లు నమ్మకము కుదిరినఁగాని పలికెడిది కాదు. లేనిచో మనుష్యులకు విడిచెడిది. నాకందు మెచ్చఁదగినదా మౌనమే. అయినను, ఆ నమ్మకము పాతప్రశ్నల పోలికయేగాని విద్యార్థి మనస్సు నెఱుఁగుట కాదు. గడువెప్పుడని యడుగువానికి యంత్రము చాలును. తనకేది బోధపడలేదో చెప్పలేనివానికి గురువే కావలెను. ఆ గురువునకుఁ దీరిక కల్పించుటయే యంత్రమునకుఁ దగిన పని.