తరంగానికి వేగం ఒక్కటేనా?

మాస్టారి పేరిట నన్ను మాట్లాడమనడం పెద్ద గౌరవం. ఆయన పాఠం గొప్పతనం నాకంటే బాగా చెప్పగలవారు ఈ సభలోనే ఉన్నారు. నాకు బాగా గుర్తున్నది ఒకటే: ఎవరు సూత్రం అప్పజెప్పినా "ఇది ఎక్కడ చెల్లదు?" అని అడిగేవారు. ఆ ప్రశ్నే ఇవాళ మన ఇంటర్ తరంగాల పాఠాన్ని అడుగుతాను.

కంపన పరిమితి, తరంగదైర్ఘ్యం, పౌనఃపున్యం, ఆవర్తన కాలం, దశ... ఈ నిర్వచనాలు మీకు చెప్పనక్కరలేదు. పౌనఃపున్యాన్ని తరంగదైర్ఘ్యంతో హెచ్చవేస్తే వేగం వస్తుందన్నదీ తెలిసిందే. నా తగాదా ఆ వేగంతోనే. అది శృంగం కదిలే వేగం, అంటే దశావేగం. శక్తి కూడా అదే వేగంతో పోతుందని పాఠం అనదు; కాదనీ అనదు. విద్యార్థి మాత్రం అవుననే అనుకుంటాడు. ఏళ్లుగా నా అభ్యంతరం ఈ మౌనం మీదే.

లోతైన సముద్రంలో 15 సెకన్ల ఆవర్తన కాలమున్న అలకు తరంగదైర్ఘ్యం సుమారు 351 మీటర్లు. దాని శృంగం గంటకు 84 కిలోమీటర్లు పోతుంది. అలల గుంపు, దానితోపాటు శక్తి, 42 కిలోమీటర్లే పోతాయి; ఇది సమూహ వేగం. గుంపు వెనక అంచున పుట్టిన శృంగం లోపలినుంచి ముందుకు నడిచి, ముందు అంచున అణగిపోతుంది. దక్షిణ మహాసముద్రంలో తుపాను రేపిన అలలు 7,500 కిలోమీటర్లు దాటి విశాఖ తీరం చేరడానికి ఏడు రోజుల పైచిలుకు పడుతుంది. దశావేగాన్ని నమ్ముకున్నవాడు నాలుగో రోజే ఒడ్డుకొచ్చి ఎదురుచూస్తాడు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. స్టోక్స్ 1876లో కేంబ్రిడ్జ్‌లో స్మిత్ బహుమతి పరీక్షకు దీన్ని ప్రశ్నగా ఇచ్చారు. మరుసటి ఏడాదే ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ సమూహ వేగాన్ని శక్తి ప్రసారంతో ముడిపెట్టారు. కార్బన్ డైసల్ఫైడ్‌లో కాంతి గాలిలోకంటే 1.76 రెట్లు నెమ్మదిగా పోతున్నట్టు మైకెల్సన్ కొలిచారు. వక్రీభవన గుణకం ప్రకారం 1.64 రెట్లే కావాలి. ఆయన కొలిచింది సమూహ వేగమని రేలీ సిద్ధాంతం తేల్చింది. 1963లో వాల్టర్ మంక్ బృందం అంటార్కిటికా వైపు తుపానుల అలలను పసిఫిక్ పొడవునా అలాస్కాదాకా వెంబడించి, రాకకాలం లెక్కకట్టిందీ ఈ వేగంతోనే.

అసంగత విక్షేపణంలో సమూహ వేగం సంకేత వేగం కాదని సోమర్‌ఫెల్డ్, బ్రిలూయిన్ 1914లోనే చూపారు కదా అని కొందరు పెద్దలు నాకు జవాబిచ్చారు. నిజమే. కానీ అది కాంతిని గట్టిగా శోషించే పదార్థాల మాట. మహాసముద్రంలో ఆ దీర్ఘ తరంగాల శక్తి చాలా తక్కువగా నష్టమవుతుంది, కనుక ఆ మినహాయింపు ఇక్కడ వర్తించదు. ఇంటర్ పిల్లలకు కలనగణితం భారమవుతుందన్నది రెండో అభ్యంతరం. ధ్వని పాఠంలో విస్పందనాలు చెబుతూనే ఉన్నాం. దగ్గర పౌనఃపున్యాలున్న రెండు తరంగాలను కలిపితే వచ్చే ఆ ఉబ్బెత్తులు ఎంత వేగంతో కదులుతాయో అడిగితే చాలు, భాగహారంతోనే జవాబు వస్తుంది.

ఇప్పుడు నేను రాస్తున్న ప్రయోగ పుస్తకం ఇక్కడినుంచే మొదలవుతుంది. పొడవైన అలల సమూహ వేగం ఎక్కువ కనుక అవి ముందొస్తాయి, పొట్టివి తర్వాత. భీమిలిలోనో మచిలీపట్నంలోనో పిల్లలు కొన్ని రోజులపాటు గడియారం పెట్టి శృంగాలు లెక్కించి, పౌనఃపున్యాన్ని కాలంతో గ్రాఫు గీస్తే, ఒక్క తుపాను అలలే ఉన్నప్పుడు సరళరేఖ వస్తుంది. దాని వాలునుంచి తుపాను ఎంత దూరంలో పుట్టిందో తెలుస్తుంది. స్థానిక గాలి రేపే చిన్న అలలను వేరుచేసే పద్ధతి మూడో అధ్యాయంలో రాస్తున్నాను. కోస్తా జూనియర్ కళాశాలల అధ్యాపకులు ఎవరైనా వచ్చే ఏడాది తమ విద్యార్థులతో దీన్ని చేయించడానికి ముందుకొస్తే, చేతిరాత ప్రతిని వారికే ముందుగా పంపుతాను.