వచ్చే క్వార్టర్‌లో పర్మనెంట్

 

నిర్వాహకులు నన్ను సాఫ్ట్‌వేరు రంగంలో అవకాశాల గురించి మాట్లాడమన్నారు. ఆ విషయం చెప్పడానికి నాకంటే తగినవాళ్ళు ఈ హాల్లో వందమంది ఉంటారు. నాకు బాగా తెలిసింది, అవకాశం ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అని ఎదురుచూడటం. అందులో నాకు మూడున్నరేళ్ళ అనుభవం ఉంది. అదే చెబుతాను.

మాది తూర్పు గోదావరి. కాకినాడలో 2001లో ఇంజనీరింగు పూర్తి చేశాను. పట్టా చేతికొచ్చేసరికి డాట్‌కామ్ బుడగ పేలిపోయి ఉంది. అందరిలాగే అమీర్‌పేట వెళ్ళి, మైత్రీవనం చుట్టూ తిరిగి జావా నేర్చుకుని, కొన్నేళ్ళు హైదరాబాదులో పనిచేసి, 2007 ఏప్రిల్‌లో సింగపూరు చేరాను. నాకు జీతం ఇచ్చేది ఒక చిన్న వెండర్ కంపెనీ. నేను కూర్చునేది చాంగి బిజినెస్ పార్కులో ఒక పెద్ద బ్యాంకు ఆఫీసులో. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మాత్రం వెండర్ పేరు మీద. బ్యాంకు వాళ్ళ మెడలో ట్యాగు ఒక రంగు, మాది ఇంకో రంగు. పని ఒకటే, అర్ధరాత్రి ఫోన్లు ఒకటే. ఫ్యామిలీ డే ఈమెయిలు మాత్రం మాకు వచ్చేది కాదు.

మా ఊళ్ళో మటుకు నేను బ్యాంకు ఉద్యోగినే. నాన్నగారు రిటైరైన బడిపంతులు. ప్రతి ఆదివారం ఫోనులో "పర్మనెంటేనా అబ్బాయ్?" అని అడిగేవారు. "ప్రాసెస్‌లో ఉంది నాన్నగారూ" అనేవాణ్ణి. అబద్ధం కాదు. మా మేనేజరు నాతో అన్నదీ అదే. "హెడ్‌కౌంట్ వచ్చే క్వార్టర్‌లో వస్తుంది. లిస్టులో నీ పేరే మొదటిది." 2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ కూలిపోయి, ఫ్లోరు ఫ్లోరంతా బిక్కుబిక్కుమంటున్నప్పుడు కూడా నా పేరు లిస్టులో మొదటే ఉంది. ఏడాదికి నాలుగు చొప్పున లెక్కవేసుకోండి, పద్నాలుగు క్వార్టర్లు.

2010లో ఒక చిన్న కంపెనీ నుంచి పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. జీతం నెలకు అయిదు వందల డాలర్లు తక్కువ. మా ఆవిడ ఒక మాట అంది. "ఒకటి కాగితం మీద ఉంది, ఇంకొకటి ఆయన నోట్లో ఉంది. ఇందులో ఆలోచించేదేముందండీ?" నేను వినలేదు. మూడేళ్ళు తవ్విన బావి, ఇంకో మూరలో నీళ్ళు పడతాయి, ఇప్పుడు గట్టెక్కి వెళ్ళిపోతానా? ఆ ఉద్యోగం వద్దన్నాను.

ఆ అక్టోబరులో ఒక గురువారం సాయంత్రం వెండర్ దగ్గర్నుంచి ఫోను. ప్రాజెక్టు వేరే దేశానికి తరలిపోతోంది, కాంట్రాక్టు పొడిగించడం లేదు. మా మేనేజరు అప్పుడు నాకు నాలుగు కుర్చీల అవతలే కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు.

సింగపూరు సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఉద్యోగం పోతే పాసు రద్దవుతుంది. మన పాసు మీద ఆధారపడిన భార్యాబిడ్డల పాసులు కూడా దానితోనే పోతాయి. దేశంలో ఉండటానికి మామూలుగా ఇచ్చేది ముప్పై రోజులు. ఐఆర్ 21 అని పన్ను లెక్కలు తేలేదాకా ఆఖరి జీతం కంపెనీ పట్టి ఉంచాలి. అంటే డబ్బు అన్నిటికంటే అవసరమైన నెలలోనే చేతికి రాదు. అమెరికా నుంచి వచ్చినవాళ్ళు తల ఊపుతున్నారు. హెచ్-1బి వాళ్ళకు 2017 జనవరి నుంచి అరవై రోజుల గడువు ఉంది. లెక్క మారుతుంది కానీ రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడం మారదు.

నేను చేసుకున్న ఇంకో ఘనకార్యం ఉంది. అక్కడ రెండేళ్ళ లీజుల్లో డిప్లొమాటిక్ క్లాజ్ అని పెట్టించుకుంటారు. ఏడాది గడిచాక ఉద్యోగం పోయి దేశం విడవాల్సి వస్తే, రెండు నెలల నోటీసుతో బయటపడవచ్చు. అది లేకుండా అయితే అద్దె యాభై డాలర్లు తగ్గిస్తానన్నాడు ఇంటాయన. ఎలాగూ పర్మనెంటు అవుతున్నాం కదా అని సరే అన్నాను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఉద్యోగం పోయేనాటికి ఆ లీజు ఇంకా పదకొండు నెలలుంది.

బ్యాంకులో ఆఖరి రోజు అయ్యాక కూడా రెండు రోజులు ఇంట్లో చెప్పలేదు. పొద్దున్నే లాప్‌టాప్ బ్యాగుతో బయలుదేరి, ఎక్స్‌పో స్టేషన్లో దిగకుండా చాంగి ఎయిర్‌పోర్టుకు పోయి, టెర్మినల్ 2లో సాయంత్రం దాకా కూర్చునేవాణ్ణి. మూడో రోజు గుమ్మంలో మా ఆవిడ "మెడలో ట్యాగేదండీ?" అని అడిగింది. అక్కడే చెప్పుకుని ఏడ్చాను. తను అరవలేదు. లోపలికి వెళ్ళి లీజు కాగితం, పాప బడి రసీదులు, బ్యాంకు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ రాత్రి ఇద్దరం కలిసి లెక్కలు వేశాం. ఆ రెండు రోజులు ముందే వేసుంటే బాగుండేది.

ఇరవై మూడో రోజున ఉద్యోగం దొరికింది. ఉగాది పచ్చడి దగ్గర పరిచయమైన ఒక మిత్రుడు చెప్పిన చోటు అది. జీతం వద్దన్నదానికంటే కూడా తక్కువే. నాన్నగారికి జరిగిందంతా అప్పుడు చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "నా మొదటి తొమ్మిదేళ్ళూ టెంపరరీయేరా. వేసవిలో తీసేసి జూన్‌లో మళ్ళీ వేసుకునేవారు. ఆ సంగతి మీ తాతయ్యకి నేనూ చెప్పలేదు" అన్నారు.

ఇక్కడితో ఆపేస్తే కథలో నేను మంచివాణ్ణి. కానీ అసలు చెప్పాల్సింది ఇంకా ఉంది.

2016కి నేను టీం లీడునయ్యాను. నా కింద శ్రీకాకుళం కుర్రాడు ఒకడు కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. బంగారంలాంటి పనివాడు. పెద్ద రిలీజు నాలుగు నెలల్లో ఉందనగా, "అన్నా, బయట ఆఫరొచ్చింది, ఏం చెయ్యమంటారు?" అని అడిగాడు. అతని కన్వర్షన్ కాగితం పైవాళ్ళు తిప్పి పంపి అప్పటికి పది రోజులు. అది నా డ్రాయర్లోనే ఉంది. నేనేమన్నానో తెలుసా? "తొందరపడకు తమ్ముడూ, వచ్చే క్వార్టర్‌లో చూద్దాం." ఉండిపోయాడు. రిలీజు దాటింది, కాంట్రాక్టు ముగిసింది. ఏరు దాటాక తెప్ప తగలేశాను. వెళ్ళే రోజు అతను ఒకటే అడిగాడు. "మీకు ముందే తెలుసా అన్నా?" నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు అతను సిడ్నీలో బాగున్నాడు. ప్రతి సంక్రాంతికీ మెసేజి పెడతాడు. అది చూసినప్పుడల్లా నాకు గుచ్చుకుంటుంది.

నా మేనేజరు దుర్మార్గుడని ఆరేళ్ళు అనుకున్నాను. ఆ కుర్చీలో కూర్చున్నాక నేనూ అదే చేశాను. ఆశ చూపించి పని చేయించుకోవడం చాలా చవక. పైసా ఖర్చు లేదు, బడ్జెట్ అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. అరచేతిలో వైకుంఠం చూపిస్తే చాలు. మన పూర్వీకుల్లో ఎందరో కోరంగి రేవు నుంచి మారిషస్‌కు, మద్రాసు నుంచి ఫిజీకి అగ్రిమెంటు మీద ఓడలెక్కారు. ఆ మాటే నోట్లో నలిగి గిర్మిట్ అయింది. వాళ్ళు చెరకు తోటల్లో పడ్డ కష్టంతో మన ఏసీ గదిని పోలిస్తే పాపం తగులుతుంది. కానీ అప్పుడూ ఇప్పుడూ మనిషిని కదిలించింది కాగితం కంటే ముందు మధ్యవాడు చెప్పిన మాటే.

కాంట్రాక్టులో ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మూడు ముక్కలు చెబుతాను. పర్మనెంటు చేస్తామన్నవాణ్ణి మర్యాదగా అడగండి: హెడ్‌కౌంట్ మంజూరైందా, ఎవరు సంతకం పెట్టాలి, ఏ తేదీలోగా? జవాబు ఈమెయిల్లో రాకపోతే, అదే జవాబు. రెండోది, జీతం రాకపోయినా ఆరు నెలలు ఇల్లు గడిచే డబ్బు పక్కన పెట్టండి. మూడోది, చెడ్డ వార్త ముందు ఇంట్లో చెప్పండి. సింగపూరులో ఉన్నవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోండి. నెలలోపు రెన్యూ చేసిన కాంట్రాక్టులను ఒకే సర్వీసుగా లెక్కించి సెలవులు, నోటీసు ఇవ్వాలని 2017లో టర్మ్ కాంట్రాక్టుల ప్రమాణం ఒకటి వచ్చింది. చట్టం కాకపోయినా, అడగడానికి ఒక ఆధారం.

పర్మనెంటు అయితే భయం తీరుతుందా అంటే, పూర్తిగా తీరదు. 2022 చివర్లో పెద్ద పెద్ద కంపెనీలు పర్మనెంటు వాళ్ళనే ఈమెయిలుతో పంపించాయి. సింగపూరులో 2023 సెప్టెంబరు నుంచి కొత్త పాసుకు కంపాస్ అని పాయింట్ల లెక్క పెట్టారు, సాధారణంగా నలభై రావాలి. 2025 జనవరిలో కనీస జీతం 5,600 డాలర్లు చేశారు, ఆర్థిక రంగంలో 6,200. నలభై అయిదేళ్ళు వచ్చేదాకా వయసుతో పాటు ఆ గీత కూడా పెరుగుతుంది. నాలాంటివాళ్ళకు అది రోజూ గుర్తుండే విషయం.

చివరిగా, ఈ హాల్లో మేనేజర్లు, డైరెక్టర్లు, కంపెనీల యజమానులు చాలామంది ఉన్నారు. ఉద్యోగం ఇవ్వడం అన్నిసార్లూ మీ చేతుల్లో ఉండదు, నాకు తెలుసు. నిజం చెప్పడం మాత్రం మీ చేతుల్లోనే ఉంది. సోమవారం ఆఫీసుకు వెళ్ళాక మీ డ్రాయరు ఒకసారి తీసి చూడండి. ఎవరి కాగితమైనా అందులో ఉంటే, ఆ కుర్రాణ్ణి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పండి. రిలీజు ఒక నెల ఆలస్యమైతే అవుతుంది.

శ్రీకాకుళం తమ్ముడికి ఆ రోజు నేనివ్వని జవాబు మొన్న సంక్రాంతికి రాశాను. "తెలుసు తమ్ముడూ, క్షమించు" అని.