తొలగించిన రెండు ఫైళ్లు



2006వ సంవత్సరమున నా కంప్యూటరులో స్థలము చాలకపోగా, నే నెఱుగని పేర్లు గల ఫైళ్లన్నియు చెత్తయే యని తలచితిని. వానిలో రెండు దాచబడి యుండినవి. వానిని వెదకి బయటికి దీసి మరి తొలగించితిని. ఇంతటి తెలివి యందఱి కుండదు! మఱునాడు మీట నొక్కగా, నల్లని తెరపై "ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్" అను పంక్తి యొక్కటి నిలిచిపోయెను.

కీర్తిశేషులైన మా నాయనగారు చెప్పుచుండగా నేను టైపు చేసికొన్న వారి జ్ఞాపకము లా యంత్రములోనే యుండెను. వేఱొక ప్రతి లేదు. మరమ్మతుకు వచ్చిన యాతడు డిస్కును ఫార్మాటు చేసి విండోసు మరల నెక్కింతు ననెను. నేను వల దంటిని.

ఏలయన, విండోస్ ఎక్స్‌పీని మేల్కొలుపునది ఎన్‌టీఎల్‌డీఆర్. అది ఎన్‌టీడిటెక్ట్ చేత యంత్రభాగముల నెఱిగి, పిమ్మట విండోసును లేపును. మేల్కొలుపువాడు లేకున్న నిల్లంతయు నిద్రించును గాని, యింటిలోని సొమ్ము పోదు.

మిత్రు డొకడు ఫోనులో చెప్పుచుండగా, విండోసు సీడీని పెట్టి, బయాసులో సీడీయే ముందు చదువబడునట్లు మార్చి, 'ఆర్' అక్షరము నొక్కి రికవరీ కన్సోలు తెఱచితిని. సీడీలోని ఐ386 ఫోల్డరునుండి ఆ రెండు ఫైళ్లను కాపీ యను నాజ్ఞతో సీ డ్రైవునకు జేర్చితిని. 2007లో విస్టా వచ్చినది మొదలు ఎన్‌టీఎల్‌డీఆర్ స్థానమున బూట్ మేనేజరు చేరినది. ఉపాయము వేఱైనను, ఫార్మాటు మాత్రము నేటికిని కడపటి మందే.

సీడీ తీసి మరల మీట నొక్కితిని. విండోసు లేచినది. ఆ సాయంకాలమే ఖాళీ సీడీ కొనితెచ్చి, నాయనగారి మాటలకు ప్రతి తీసితిని.