కొళాయి చివరి వాడకు జబ్బు ముందొస్తాది

(గుమ్మఘట్టలో దళితవాడ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వాడలో వాంతులు, విరేచనాలు మొదలైతే ఊరి పెద్దలు ఏమంటారు? "వాళ్లకు శుభ్రత తెల్దు" అంటారు. ఇది అబద్ధం. జబ్బు యాడనుంచి వస్తాదో చెప్తాను, వినండి.

మనది వాన తక్కువ పడే జిల్లా. వేదవతి మీద భైరవానితిప్ప డ్యాం మన జిల్లాలోనే ఉన్నా, అది నిండే ఏళ్లు తక్కువ. ఊళ్లకు బోర్లే దిక్కు. నీళ్లు లోతుకు పోయేకొద్దీ మోటారుకు కరెంటు ఎక్కువ కావాలి, బిల్లు పెరుగుతాది. కరువు ఊర్లో వసూలయ్యే ఇంటిపన్ను ఆ బిల్లుకే చాలదు. బకాయి పేరుకుంటే ఫ్యూజు పీకుతారు. కొళాయి మూడు రోజులకొకసారి వస్తాది.

నీళ్లు ఆగిన పైపు ఖాళీ అవుతాది. లీకు ఉన్నచోట పక్క కాలువలోని మురుగును లోపలికి లాక్కుంటాది. మళ్లీ నీళ్లు వదిలితే ఆ మురుగు బిందెలోకి వస్తాది. పైపు చివర ఉండేది ఎవరు? మనమే. ట్యాంకులో వేసిన క్లోరిన్ కూడా చివరికొచ్చేసరికి తగ్గిపోతాది. డబ్బుల్లేవంటే ముందు ఆగేది బ్లీచింగ్ పౌడరు, కాలువ పూడికతీత, పారిశుధ్య కార్మికుల జీతం. ఆ కార్మికులూ మనోళ్లే. ఒకే కోత మనకు రెండుసార్లు తగులుతాంది.

మరి పై నుంచి డబ్బు రాలేదా? 2021 నుంచి 2026 దాకా దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. అందులో నూటికి 60 తాగునీటికి, పారిశుధ్యానికే పెట్టాలంది. కానీ 2021లో మన రాష్ట్రంలో ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద మళ్లించారు. ఖాతాలు ఖాళీ చేశారని సర్పంచులే రోడ్డెక్కినారు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం మనుషుల ప్రాణాలు తీసింది. నీళ్ల లెక్క ప్రాణాల లెక్క.

పంచాయతీ పెట్టని ఖర్చును మనమే పెడుతున్నాం. సెలైన్ సీసాకు, ఆస్పత్రి ఆటోకు, పోయిన కూలికి, వడ్డీకి తెచ్చి మరీ కడుతున్నాం.

1927లో మహద్‌లో బాబాసాహెబ్ చౌదార్ చెరువు నీళ్లు తాగి మన హక్కు చాటినాడు. ఆ హక్కు ఇప్పుడు పంచాయతీ లెక్కల పుస్తకంలో ఉంది. గ్రామసభకు ఆడోళ్లు ముందు నడవండి. మూడే అడగండి: తాగునీటికని వచ్చిన డబ్బెంత, దేనికి పోయింది? ట్యాంకు ఎప్పుడు కడిగినారు? మా వాడ చివరి కొళాయి నీళ్లను ఎప్పుడు పరీక్ష చేసినారు? జవాబును తీర్మానాల పుస్తకంలో రాయించి, చదివించి, అప్పుడే వేలిముద్ర వేయండి.

జై భీమ్!